రోగి లేని కేసు: హైదరాబాద్ మురుగునీటిలో పోలియో వైరస్, 2016 జూన్

కేసు రాయమంటే మొదటి వరుసలో రోగి వయసు, ఆడా మగా, ఎన్నాళ్లుగా జబ్బు అని రాయడం మాకు అలవాటు. ఈ కేసులో ఆ వరుస ఖాళీ. జ్వరంతో వచ్చిన బిడ్డ లేదు, చచ్చుబడిన కాలు లేదు. ఉన్నదల్లా కొంచెం మురుగునీరు. 2016 మే నెలలో హైదరాబాద్‌లో నిఘా కోసం తీసిన ఆ నీటిలో టైప్ 2 పోలియో వైరస్ దొరికిందని జూన్‌లో కబురు వచ్చింది.

అప్పట్లో నేను నగరంలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. మా పరిధిలో మూడు బస్తీలు, వాటి మధ్యగా ఒక నాలా (మురుగు కాలువ), నాలాకు అటూ ఇటూ లేస్తున్న అపార్ట్‌మెంట్లు. వార్త పొక్కగానే నగరమంతా ఒకటే మాట: పోలియో మళ్ళీ వచ్చిందట. రాలేదని చెప్పడానికి ఆ వారం సగం గొంతు పోయింది.

దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో, ఏడాదిన్నర పాపకు. 2014 మార్చిలో మన దేశంతో పాటు ఆగ్నేయాసియా ప్రాంతమంతటికీ పోలియో రహితమన్న ధ్రువపత్రం వచ్చింది. ఇక టైప్ 2 అయితే ఇంకా పాతకథ. సహజ టైప్ 2 వైరస్ ప్రపంచంలో ఆఖరుసారి కనిపించింది 1999లో, అదీ మన అలీగఢ్‌లోనే. మరి పదిహేడేళ్ల తర్వాత హైదరాబాద్ మురుగులోకి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

చుక్కల మందులో ఉండేది బతికున్న వైరస్సే. కోరలు పీకిన పాము అనుకోండి. బిడ్డ పేగుల్లో కొన్ని వారాలు పెరిగి, రోగనిరోధక శక్తి నేర్పి, మలంతో బయటికి పోతుంది. చుట్టుపక్కల పిల్లలందరికీ టీకా పడి ఉంటే దాని ప్రయాణం అక్కడితో ముగుస్తుంది. టీకా పడని పిల్లలు నలుగురు ఒకచోట ఉంటే ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, పాకినప్పుడల్లా కాస్త మారుతూ, మెల్లగా కోరలు మళ్ళీ మొలిపించుకుంటుంది. ఎంత మారిందో కొలవడానికి దాని పైపొరకు సంబంధించిన ఒక జన్యువు చూస్తారు. అందులో దాదాపు 900 అక్షరాలు. టైప్ 2లో ఆరు అక్షరాలు మారితేనే అది టీకా వైరస్ కాదు, టీకా నుంచి పుట్టిన వైరస్ అని పేరు మారుస్తారు. హైదరాబాద్ నమూనాలో మారినవి పది.

ఈ పది నాకు ఇచ్చిన భయం వేరు. ఈ జన్యువు ఏడాదికి సుమారు ఒక శాతం మారుతుంది. అంటే పది మార్పులకు ఏడాదికి కాస్త అటూ ఇటూ పట్టి ఉండాలి. ఏడాది పాటు ఈ వైరస్ ఒక కడుపు నుంచి ఇంకో కడుపుకు, లేదా ఒకే కడుపులో, నగరంలోనో మరెక్కడో బతికిందన్నమాట. పైగా టైప్ 2 సోకిన దాదాపు రెండు వేల మందిలో ఒక్కరికే పక్షవాతం వస్తుంది. మిగతావారు ఆడుకుంటూనే ఉంటారు. రోగి కనిపించేదాకా ఆగుదామంటే, కనిపించే సరికి వైరస్ వేల ఇళ్లు తిరిగి ఉంటుంది. మురుగునీటిని పరీక్షించడంలోని తెలివి ఇదే. బిడ్డ చెప్పని మాట నాలా చెబుతుంది.

కబురు వచ్చిన సమయం ఇంకా చెడ్డది. అంతకు కొన్ని వారాల ముందే, ఏప్రిల్ 25న, దేశమంతా మూడు రకాల పోలియో వైరస్‌లకూ పనిచేసే చుక్కల మందు ఆపేసి, టైప్ 2 లేని రెండు రకాలదానికి మారింది. అదే రెండు వారాల్లో నూట యాభైకి పైగా దేశాలు ఇలాగే మారాయి. కారణం సబబైనదే. సహజ టైప్ 2 లోకంలో లేదు, టీకా నుంచి పుట్టే వైరస్‌లలో ఎక్కువ భాగం టైప్ 2వే, కాబట్టి చుక్కల్లోంచి దాన్ని తీసేద్దామని. మా ఫ్రిజ్‌లోని పాత వయల్స్ లెక్కపెట్టి, సంతకాలు పెట్టి, ధ్వంసం చేయడానికి పంపిన కాగితం మీద సిరా ఆరకముందే ఈ కబురు. ఇకపై పుట్టే పిల్లల పేగులకు టైప్ 2 అంటే ఏమిటో తెలియదు. వారికి మిగిలిన రక్షణ సూదిమందు ఒక్కటే.

ఆ సూదిమందుకేమో ప్రపంచమంతటా కరువు. అందుకని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో అప్పటికే ఒక ఉపాయం మొదలైంది. అర మిల్లీలీటరు కండలోకి ఇచ్చే బదులు, అందులో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరల మధ్యకు ఇవ్వడం. చర్మంలో రోగనిరోధక కణాల కాపలా ఎక్కువ కాబట్టి తక్కువ మందు చాలు. ఆరో వారంలో ఒకటి, పద్నాలుగో వారంలో ఒకటి ఇలా ఇస్తే, కండలోకి ఇచ్చే ఒక్క పూర్తి మోతాదు కంటే ఎక్కువ మంది పిల్లల్లో రక్షణ ఏర్పడుతుంది. ఐదుగురికి సరిపోయే వయల్ లెక్క ప్రకారం పాతికమందికి వస్తుంది. జూన్ 20 నుంచి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ప్రమాదకర ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల వయసున్న పిల్లలందరికీ ఈ చిన్న మోతాదు ఇవ్వాలని నిర్ణయం. ప్రాంతమంతా కలిపితే మూడు లక్షలకు పైగా పిల్లలు. అంత పెద్ద ఎత్తున, అంత హడావుడిగా చర్మంలోకి పోలియో టీకా ఇవ్వడం మాకెవరికీ అనుభవం లేని పని.

పొర తేడా

చుక్కలు వేయడానికి చేయి తిరగనవసరం లేదు. నోరు తెరిపించి రెండు చుక్కలు, అంతే. చర్మంలోకి సూది ఇవ్వడం అలా కాదు. బీసీజీకి (క్షయ టీకాకు) వాడే సన్నటి సిరంజి తీసుకుని, చర్మాన్ని వేళ్లతో బిగించి, సూది రంధ్రం పైకి ఉండేలా, దాదాపు చేతికి సమాంతరంగా పడుకోబెట్టి దూర్చాలి. మందు వెళ్తున్నప్పుడు ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు) బొటనవేలికి గట్టిగా ఎదురు తగలాలి. అప్పుడు చర్మం మీద కందిగింజంత బుడిపె లేస్తుంది, బత్తాయి తొక్కలా చిన్న చిన్న గుంటలతో. మందు సులువుగా జారిపోయిందంటే సూది లోతుకు పోయిందన్నమాట. బుడిపె రాదు.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా నేను కేంద్రంలో కూర్చుని, టీకా పడ్డ ప్రతి బిడ్డకూ ఒక గీత పెట్టే టాలీ షీట్లు చూసుకుంటూ ఉండిపోయాను. అంకెలు బాగున్నాయి. నాలుగింటికి ఒక బృందం వెనకాలే వెళ్లి నిలబడ్డాను. పదిమంది పిల్లల్లో ముగ్గురికి బుడిపె రాలేదు. ఏఎన్ఎంకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. కానీ కదులుతున్న రెండేళ్ల పిల్లవాడి చేయి, నెలల బిడ్డ చేయి ఒకటి కాదు. బీసీజీ పుట్టినప్పుడే వేస్తాం, అప్పుడు బిడ్డ పెనుగులాడదు. ఆ తేడా నాకు ముందే తట్టాల్సింది. శిక్షణలో పడుకోబెట్టిన బొమ్మ చేయి మీద చూపించి వదిలేశాం. ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, తల్లి బిడ్డను ఎలా ఒళ్లో బిగించి పట్టుకోవాలో, ఆశా కార్యకర్త మోచేతిని ఎక్కడ పట్టుకోవాలో చేసి చూపించాను. బుడిపె రాని పిల్లల పేర్లకు ఎదురుగా గుర్తు పెట్టి పైకి పంపాను. వారి విషయం తేల్చడం నా స్థాయి పని కాదు. టాలీ షీట్‌లో మాత్రం ఆ ముగ్గురూ మిగతావారిలాగే ఒక్కొక్క గీత. అంకెలు అబద్ధం చెప్పలేదు, నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఇంకో చిక్కు ఐస్‌ప్యాక్‌లది. చుక్కల మందు ఎంత చల్లగా ఉంటే అంత మంచిది, గడ్డకట్టినా ఫరవాలేదు. సూదిమందు గడ్డకట్టిందా, ఇక దాన్ని పారేయాల్సిందే. ఏళ్ల తరబడి పల్స్ పోలియో చేసిన చేతులు గట్టి ఐస్‌ప్యాక్‌లు తీసి నేరుగా క్యారియర్‌లో (టీకాలు మోసే చల్లపెట్టెలో) పెట్టేస్తాయి. అందుకే రోజూ తెల్లవారుజామున ప్యాక్‌లన్నీ బల్ల మీద పరిచి, చెమట పట్టేదాకా ఆగి, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూసేవాళ్లం. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తేనే క్యారియర్‌లోకి. బయటి నుంచి చూసినవాళ్లకు కొబ్బరికాయలు బేరం చేస్తున్నట్టు ఉండేది.

అడిగినవాళ్లు, అడగనివాళ్లు

ఆ ఏడాది జూన్‌లో రంజాన్ ఉపవాసాలు. తెల్లవారకముందే లేచి వండి, తిని, మళ్ళీ నిద్రపోయే ఇళ్లలో ఉదయం తొమ్మిదింటికి తలుపు తడితే ఎవరు తీస్తారు? మొదటి రోజు మేం 'తాళం' అని రాసుకున్న ఇళ్లలో చాలావాటికి తాళం లేదు, లోపల మనుషులు నిద్రలో ఉన్నారు. రెండో రోజు నుంచి ఆ గల్లీలకు పదకొండు తర్వాత వెళ్లాం. ఇఫ్తార్ వేళకు గంట ముందే తిరిగి వచ్చేశాం. మసీదు మైకులో ఇమామ్‌గారు రెండు మాటలు చెప్పారు. మా కరపత్రాలన్నీ కలిపి చేయలేని పని ఆ రెండు మాటలు చేశాయి.

పక్క బస్తీలో ఒక నానమ్మ మనవడిని చీర చెంగు వెనకాల దాచుకుని నన్ను నిలదీసింది. "మొన్ననే కదమ్మా చుక్కలు వేసి వెళ్లారు. మళ్ళీ సూది ఎందుకు?"

"ఇప్పుడు చుక్కల్లో రెండు రకాల పోలియోకే మందు ఉందమ్మా. మూడో రకానికి ఈ సూది."

"మరి ఆ మూడోది చుక్కల్లోంచి ఎందుకు తీసేశారు?"

"లోకంలో ఆ రకం లేదని."

"లేనిదానికి సూదెందుకు?"

నేను ప్రజారోగ్యంలో ఎన్నో సమావేశాల్లో కూర్చున్నాను. ఇంత సూటి ప్రశ్న ఏ సమావేశంలోనూ వినలేదు. నాలా నీళ్లలో అది కనబడిందని చెప్పాను. ఆమె ఇంటి వెనకే ఆ నాలా. వానాకాలంలో పొంగితే నీళ్లు గడప దాకా వస్తాయి. ఒక్క క్షణం అటు చూసి, చెంగు వెనకనుంచి పిల్లవాణ్ణి ముందుకు తోసింది.

అడిగేవాళ్లతో చిక్కు లేదు. చిక్కంతా మా జాబితాలో లేనివాళ్లతోనే. నాలుగో రోజు సాయంత్రం ఒక అపార్ట్‌మెంట్ ముందు బృందం నీళ్లు తాగడానికి ఆగింది. ఏ ఇళ్లకు వెళ్లాలో రాసుకున్న మైక్రోప్లాన్‌లో ఆ భవనం ఎదురుగా 'పిల్లలు ప్రైవేటు ఆస్పత్రిలో టీకాలు వేయించుకుంటారు' అని రాసి ఉంది. అది పై అంతస్తుల సంగతి. కింద సెల్లార్‌లో, కార్ల మధ్య, మెట్ల కింద అట్టలు కట్టుకున్న గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంది. పాలమూరు నుంచి వచ్చి ఏడు నెలలు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి పది నెలలు. తల్లి దగ్గర ఊళ్లో ఇచ్చిన టీకా కార్డు ఉంది, ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా మడిచి. అందులో ఆరో వారం గడి తర్వాత అన్నీ ఖాళీ. "ఇక్కడ ఎక్కడ వేస్తారో ఎవరిని అడగాలో తెలియలేదు మేడం," అంది. మా కేంద్రం అక్కడికి నడిస్తే పది నిమిషాలు.

ఆమె టీకా వద్దనలేదు. భయపడలేదు. పత్రికల్లో టీకాల గురించి రాసేటప్పుడు అపోహలు, మూఢనమ్మకాలు అని మొదలుపెడతారు. నా అనుభవంలో ఖాళీ గళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. కార్డు ఒక ఊళ్లో, కడుపు కూడు ఇంకో ఊళ్లో. బుధ, శనివారాల్లో టీకాలు వేసే మా ఏఎన్ఎంకు బస్తీలో ప్రతి గర్భిణీ పేరు తెలుసు. సెల్లార్ ఏ బస్తీలోకీ రాదు. మరుసటి రోజు ప్రతి అపార్ట్‌మెంట్‌కూ కిందికి దిగి చూశాం. కట్టుబడి సాగుతున్న చోట్ల మేస్త్రీని పట్టుకుని కూలీల పిల్లలను లెక్కపెట్టాం. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. నాలాలో తేలిన వైరస్‌కు ఏడాది పాటు బతకడానికి చోటు ఎక్కడ దొరికిందని నన్నడిగితే, రుజువు లేకపోయినా, నా వేలు ఇటువైపే చూపిస్తుంది.

ఒక కాలు

మూడో రోజునే ఇంకో సంగతి జరిగింది. టీకా బృందం నుంచి ఫోను: రెండున్నరేళ్ల పిల్లవాడు, నాలుగు రోజులుగా కుడికాలు నేల మీద ఆనించడం లేదు. నేను వెళ్లేసరికి తల్లి చంకలో ఉన్నాడు. జ్వరం వస్తే పక్క వీధిలో ఒకాయన పిరుదుకు సూది వేశాడు, ఆ రాత్రి నుంచే ఇలా. పాదం వేలాడుతోంది. మోకాలి దగ్గర తడితే కాలు ఎగిరింది, మడమ దగ్గర తడితే కదలిక లేదు. పాదం మీద గిల్లితే రెండోవైపు ఏడ్చినంతగా ఏడవలేదు. పోలియోలో స్పర్శ పోదు. సూది వెళ్లి తుంటి నరానికి తగిలిందనే చెప్పాలి. తొంభై పాళ్లు అదే.

కానీ పదిహేనేళ్ల లోపు పిల్లల్లో హఠాత్తుగా ఏ అవయవం మెత్తబడి చచ్చుబడినా, కారణం ఏదని నాకు తోచినా, పోలియో కాదని తేలేదాకా అనుమానిత కేసుగా నమోదు చేసి తీరాలి. పైగా ఒక చేదు నిజం ఉంది. ఒంట్లో పోలియో వైరస్ ఉన్న బిడ్డకు కండలోకి సూది పడితే, ఆ కాలికే పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. నాలా అక్కడికి నూరు గజాలు. ఇంకే నెలలోనైనా ఆ కాలిని చూసి నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. ఆ రాత్రి పోలేదు.

పక్షవాతం మొదలైన పద్నాలుగు రోజుల్లోగా, ఇరవై నాలుగు గంటల ఎడంతో రెండు మల నమూనాలు తీయాలి, ఒక్కొక్కటి బొటనవేలంత. మొదటిది సులువుగానే దొరికింది. రెండోదానికి ఆశా కార్యకర్త రోజున్నర ఆ ఇంటి అరుగు మీద కూర్చుంది. తీసిన నమూనా ఐస్ మధ్య పెట్టి ప్రయోగశాలకు చేరాలి. టీకా చల్లగా ఊరికి వచ్చినట్టే, ఇది చల్లగా ఊరు దాటి వెళ్లాలి. అందుకు వాడిన క్యారియర్‌ను మళ్ళీ టీకాలకు వాడకూడదు. మా దగ్గర విడిగా క్యారియర్ లేదు. ఉన్న నాలుగింటిలో ఒకదాన్ని తీసి, మూత మీద ఎర్ర మార్కర్‌తో రాశాం. మిగతా మూడింటితో బృందాలు సర్దుకున్నాయి.

నమూనాల్లో పోలియో వైరస్ లేదని వచ్చింది. అరవై రోజులకు మళ్ళీ చూడాలన్నది నియమం. వెళ్తే ఇంటికి తాళం. ఇల్లు మారారు. తండ్రి ఫోను నంబరు పట్టుకుని నగరానికి అటు చివర ఒక కట్టుబడి దగ్గర దొరకబుచ్చుకున్నాం. పిల్లవాడు ఇసుక కుప్ప ఎక్కుతున్నాడు, పాదం కొంచెం ఈడుస్తూ.

తర్వాత

ఆ వైరస్ వల్ల పక్షవాతం వచ్చిన బిడ్డ నగరంలో ఒక్కరూ కనబడలేదు. టీకా వల్లే ఆగిందా, వైరస్ దానంతటదే అంతరించిందా అని అడిగితే నిజాయితీగా చెప్పలేను. రోగి లేని కేసులో నయమయిందని దేన్ని చూసి చెప్పాలి?

కానీ ఇలాంటి వైరస్‌కు సందు దొరికితే ఏమవుతుందో తర్వాతి ఏళ్లలో లోకం చూసింది. టైప్ 2ను చుక్కల్లోంచి తీసేశాక, టీకాలు సరిగా అందని దేశాల్లో, ముఖ్యంగా ఆఫ్రికాలో, టీకా నుంచి పుట్టిన టైప్ 2 వైరస్ 3,000 మందికి పైగా పిల్లల కాళ్లు తీసేసింది. 2022లో లండన్ మురుగులో కనిపించింది. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో టీకా వేయించుకోని యువకుడికి పక్షవాతం వచ్చింది. 2024లో గాజాలో పది నెలల బిడ్డకు వచ్చింది, అక్కడ పాతికేళ్ల తర్వాత మొదటిసారి. చుక్కల మార్పు తప్పని కొందరంటారు. మార్పు కంటే ముందు పిల్లలందరికీ టీకా అందేలా చూడకపోవడం తప్పని నేనంటాను. నూట యాభై దేశాలు ఒకేసారి తలుపు మూశాయి. కొన్ని ఇళ్లలో కిటికీలు తెరిచే ఉన్నాయి. జన్యువు త్వరగా మారకుండా కొత్తగా తయారుచేసిన టైప్ 2 చుక్కల మందు 2021 నుంచి వాడుకలో ఉంది. దాన్ని తయారుచేసేవాటిలో మన హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ కూడా ఒకటి. ఈ నగరం నాలాలో వైరస్ దొరికితే, అదే నగరం ప్రయోగశాల నుంచి దాని మందు.

మన టీకా పట్టికలోనూ 2023 నుంచి తొమ్మిదో నెలలో మూడో చిన్న మోతాదు చేరింది. ఆ వాచ్‌మన్ పాప వయసుకు దాదాపు సరిగ్గా.

మా మైక్రోప్లాన్‌లో ఇప్పుడు సెల్లార్‌లకు ఒక వరుస ఉంది. ఆర్నెల్లకోసారి దాన్ని తిరిగి రాయాలి, ఎందుకంటే ఆర్నెల్లకు సెల్లార్‌లో మనుషులు మారిపోతారు. రెండేళ్లుగా సరిగ్గా రాయడం లేదని మొన్న చూసి నేనే చీవాట్లు పెట్టాను. ఎర్ర అక్షరాల క్యారియర్ స్టోర్ గదిలో పై అరలో ఉంది. 'టీకాలకు వాడరాదు' అన్న మాట ఎండకు వెలిసింది. కొత్తగా చేరిన ఫార్మసిస్టు అది పాడైపోయిందనుకుని పారేయబోతే ఆపి, మార్కర్ అడిగి తీసుకుని, మళ్ళీ దిద్దాను.